న్యాయవాద వృత్తిలో తొలిమెట్టు

పాఠ్యభాగ నేపథ్యం

ఇంటర్మీడియట్ ముగించిన విద్యార్థి ముందు అనేక మార్గాలు ఉంటాయి. వాటిలో న్యాయశాస్త్రం ఒకటి. ఆ శాస్త్రాన్ని చదవడం ఒక ఎత్తు, చదివిన తరువాత వృత్తిలో నిలదొక్కుకోవడం మరొక ఎత్తు. పట్టా చేతికి వచ్చిన యువకుడు గాని, యువతి గాని ఒక అనుభవజ్ఞుడైన న్యాయవాది వద్దనో, ఒక న్యాయవాద సంస్థలోనో శిక్షణ పొందే అవకాశం కోసం పోటీ పడవలసి వస్తుంది. ఆ పోటీ స్వరూపమేమిటి? అందులో గెలుపుకు ఏ గుణాలు తోడ్పడతాయి? అండదండలు లేని కరీంనగర్, ఆదిలాబాద్ ప్రాంతాల విద్యార్థి ఏ బలంతో నిలబడగలడు? ఈ ప్రశ్నలకు సమాధానాలను అన్వేషించడమే ఈ పాఠం ఉద్దేశం.

పాఠం

కొన్ని విద్యలు గ్రంథం చేత సిద్ధిస్తాయి. కొన్ని గురువు చేత సిద్ధిస్తాయి. న్యాయవాద విద్యకు ఈ రెండూ కావాలి. హత్యకు, ప్రమాదవశాత్తు సంభవించిన మరణానికి గల భేదాన్ని గ్రంథం చెబుతుంది. కాని భయంతో మాట పెగలని సాక్షి చేత నిజం ఎలా చెప్పించాలో ఏ గ్రంథమూ చెప్పదు. దావాకు కాలపరిమితి ఎంతో చట్టంలో ఉంటుంది. ఆ దావాను వేయకుండా రాజీ కుదుర్చుకొమ్మని కక్షిదారుకు ఎప్పుడు చెప్పాలో చట్టంలో ఉండదు. ఈ రెండవ విద్యను పెద్దల చెంత కూర్చుండి, చూచి, విని, చేసి నేర్చుకోవలసిందే. అందుకే ప్రపంచంలోని అనేక దేశాలలో న్యాయవాద వృత్తి శిష్యరికంతోనే మొదలవుతుంది.

తెలుగువారికి న్యాయశాస్త్రం కొత్తది కాదు. పదమూడవ శతాబ్దికి చెందిన మూలఘటిక కేతన 'విజ్ఞానేశ్వరీయము' అనే పద్యకావ్యాన్ని రచించాడు. యాజ్ఞవల్క్య స్మృతికి విజ్ఞానేశ్వరుడు సంస్కృతంలో రచించిన 'మితాక్షర' వ్యాఖ్య దానికి మూలం. తెలుగులో వెలసిన తొలి ధర్మశాస్త్ర గ్రంథంగా పండితులు దానిని పేర్కొంటారు. కేతన ఇదొక్కటే రచించి ఊరకుండలేదు. 'ఆంధ్రభాషాభూషణము' అనే వ్యాకరణాన్ని, 'దశకుమార చరిత్రము' అనే కథాకావ్యాన్ని కూడా రచించాడు. వ్యాకరణం, ధర్మశాస్త్రం, కథ అనే ఈ మూడూ ఒకే కవి చేతిలో రూపు దిద్దుకోవడం ఆలోచింపదగిన విషయం. న్యాయవాదికి కావలసినవి సరిగ్గా ఈ మూడే. భాష మీద అధికారం లేనిదే వాదపత్రం నిలవదు. చట్టజ్ఞానం లేనిదే వాదం నిలవదు. జరిగినదానిని ముందువెనుకలు తప్పకుండా కథగా చెప్పగల నేర్పు లేనిదే న్యాయమూర్తికి విషయం బోధపడదు.

ఉత్తర తెలంగాణ ప్రాంతంలో న్యాయవాద వృత్తి మొదట భాష విషయంలోనే పెద్ద పరీక్షను ఎదుర్కొంది. నిజాం పాలనలో న్యాయస్థానాల వ్యవహారమంతా ఉర్దూలో సాగేది. ఇంట తెలుగు మాట్లాడే రైతు తన భూమి తగాదాను తనకు తెలియని భాషలో వినవలసి వచ్చేది. 1921 నవంబరులో హైదరాబాదులోని వివేకవర్ధిని పాఠశాల ఆవరణలో సంఘసంస్కార సభ జరిగింది. ఆ సభలో ఆలంపల్లి వెంకటరామారావు అనే న్యాయవాది తెలుగులో ప్రసంగించడానికి లేవగా సభికులలో కొందరు ఎగతాళి చేసి, ప్రసంగం సాగనీయలేదు. ఆ అవమానమే ఆంధ్ర జనసంఘం పుట్టుకకు కారణమైంది. మాటయే ఆయుధంగా గల న్యాయవాదికి తన మాతృభాషలో నోరు మెదిపే అవకాశం లేకపోవడం ఆనాటి పరిస్థితికి అద్దం పడుతుంది. ఆ సంఘ కార్యక్రమాలలో ప్రముఖ పాత్ర వహించిన మాడపాటి హనుమంతరావు, బూర్గుల రామకృష్ణారావు కూడా న్యాయవాదులే కావడం గమనార్హం.

ఈ బూర్గుల రామకృష్ణారావు వద్ద శిష్యరికం చేసిన ఒక యువకుని గురించి విద్యార్థులు ప్రత్యేకంగా తెలుసుకోవాలి. ఆయన పాములపర్తి వెంకట నరసింహారావు. 1921 జూన్ 28న జన్మించిన ఆయన, ఆనాటి కరీంనగర్ జిల్లాలోని వంగర గ్రామంలో పెరిగారు. హనుమకొండలో చదువుకొనే రోజులలో వందేమాతరం ఉద్యమంలో పాల్గొన్నందువల్ల నిజాం రాజ్యంలో ఆయన చదువుకు ఆటంకం ఏర్పడింది. అప్పుడు రాజ్యం వెలుపలికి వెళ్లి చదువు కొనసాగించి, నాగపూరులో న్యాయశాస్త్ర పట్టా పొందారు. తిరిగి హైదరాబాదు చేరి బూర్గుల వద్ద జూనియర్ న్యాయవాదిగా ప్రవేశించారు.

ఈ గురుశిష్య సంబంధంలో ఒక విశేషం ఉంది. బూర్గుల బహుభాషావేత్త. పారసీక కవిత్వాన్ని తెలుగులోకి అనువదించిన సాహితీపరుడు. శిష్యుడైన నరసింహారావు సైతం అనేక భాషలు నేర్చినవారు. విశ్వనాథ సత్యనారాయణ రచించిన 'వేయిపడగలు' నవలను 'సహస్రఫణ్' పేరిట హిందీలోకి అనువదించినవారు. గురువు 1952లో హైదరాబాదు రాష్ట్రానికి ముఖ్యమంత్రి అయ్యారు. శిష్యుడు 1957 నుండి మంథని శాసనసభ్యునిగా ఉండి, రాష్ట్రంలో న్యాయశాఖను నిర్వహించి, 1971లో ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి అయ్యారు. 1991లో దేశ ప్రధానమంత్రి పదవిని అధిష్ఠించారు. 2024లో ఆయనకు మరణానంతరం భారతరత్న ప్రకటించారు. ఒక్క శిష్యరికమే ఇంతటి ఉన్నతికి కారణమని చెప్పడం అతిశయోక్తి అవుతుంది. కాని తొలిమెట్టు వద్ద లభించిన గురువు ఎటువంటివాడు అన్నది జీవితగమనాన్ని ఎంతగా ప్రభావితం చేయగలదో ఈ ఉదాహరణ తెలుపుతుంది.

ఆదిలాబాద్ జిల్లా వాంకిడిలో 1915లో జన్మించిన కొండా లక్ష్మణ్ బాపూజీ జీవితం మరొక ఉదాహరణ. చేనేత వృత్తికి చెందిన కుటుంబం నుండి వచ్చి, హైదరాబాదులో న్యాయవాదిగా నిలదొక్కుకొని, ఉద్యమకారుల పక్షాన వాదించిన ధీశాలి ఆయన. రాజధానికి దూరంగా, అడవుల అంచున ఉన్న ఊరి నుండి కూడా న్యాయస్థానానికి దారి ఉందని ఆయన జీవితం నిరూపించింది.

స్వాతంత్ర్యానంతరం వృత్తిప్రవేశ నియమాలు అనేక మార్పులకు లోనయ్యాయి. పూర్వం వకీళ్లు, ప్లీడర్లు, ముక్తారులు అంటూ న్యాయవాదులలో పలు తరగతులు ఉండేవి. 1961 నాటి అడ్వొకేట్ల చట్టం ఈ భేదాలను తొలగించి, 'అడ్వొకేటు' అనే ఒకే తరగతిని ఏర్పరచింది. ఆ చట్టంలో మొదట వృత్తిప్రవేశానికి పూర్వమే శిక్షణ, పరీక్ష ఉండాలనే నిబంధన ఉండేది. 1973 నాటి సవరణ ఆ నిబంధనను తొలగించింది. 1995లో భారత బార్ కౌన్సిల్ ఒక సంవత్సరం శిక్షణను తిరిగి తప్పనిసరి చేస్తూ నియమాలు రూపొందించింది. అట్టి నియమాలు చేసే అధికారం కౌన్సిల్‌కు చట్టం ఇవ్వలేదని 1999లో సుప్రీంకోర్టు వాటిని కొట్టివేసింది. తరువాత 2011లో అఖిల భారత బార్ పరీక్ష మొదలైంది. 2023 ఫిబ్రవరిలో రాజ్యాంగ ధర్మాసనం ఆ పరీక్షను సమర్థించింది.

ఈ చరిత్ర వల్ల ఒక సత్యం తేటతెల్లమవుతున్నది. శిక్షణ అవసరమని అందరూ అంగీకరించినవారే. కాని ఆ శిక్షణను ఎవరు ఇవ్వాలి, ఎవరికి ఇవ్వాలి, శిక్షణ పొందే కాలంలో పట్టభద్రుని పోషణ ఎవరు చూడాలి అన్న ప్రశ్నలు తేలలేదు. చట్టం శిక్షణను తప్పనిసరి చేయలేదు గనుక శిక్షణార్థికి స్థానం చూపవలసిన బాధ్యత కూడా ఎవరి మీదా పడలేదు. కోరుకున్నవారు వెతుక్కోవాలి, దొరికినవారు నేర్చుకోవాలి. పోటీకి మూలం ఇదే.

నేటి పట్టభద్రుని ముందు ప్రధానంగా మూడు ద్వారాలు ఉన్నాయి. మొదటిది జిల్లా న్యాయస్థానంలో ఒక సీనియర్ న్యాయవాది కార్యాలయం. రెండవది హైదరాబాదులోని హైకోర్టు న్యాయవాది కార్యాలయం. మూడవది పలువురు న్యాయవాదులు భాగస్వాములుగా నడిపే న్యాయవాద సంస్థ. మొదటి రెండింటిలో ప్రవేశం సాధారణంగా పరిచయం మీద, సిఫారసు మీద ఆధారపడుతుంది. పెద్ద నగరాలలోని న్యాయవాద సంస్థలు విద్యార్థి దశలోనే కొన్ని వారాలపాటు పని నేర్చుకొనే అవకాశం ఇచ్చి, ఆ కాలంలో చూపిన ప్రతిభను బట్టి కొందరిని ఎంపిక చేసుకుంటాయి. 1998లో హైదరాబాదులో స్థాపితమైన నల్సార్ వంటి జాతీయ న్యాయవిశ్వవిద్యాలయాల విద్యార్థులకు ఈ మూడవ ద్వారం దగ్గర. జిల్లా కేంద్రంలో చదివిన విద్యార్థికి అది దూరం. ఇద్దరి మధ్య తేడా తెలివితేటలలో ఉండనవసరం లేదు. ఒకరి కళాశాలకు సంస్థలే వస్తాయి. మరొకరు సంస్థ చిరునామా వెతుక్కుంటూ వెళ్లాలి.

ఇటువంటి పోటీ మన దేశానికి మాత్రమే పరిమితమైనది కాదు. ఇంగ్లండులో సొలిసిటర్ కాదలచినవారు ఒక సంస్థలో రెండు సంవత్సరాల శిక్షణ ఒప్పందాన్ని సంపాదించుకోవలసి ఉండేది. పూర్వకాలంలో శిష్యుడే గురువుకు రుసుము చెల్లించి చేరే ఆచారం కూడా అక్కడ ఉండేది. 2021 సెప్టెంబరులో ఆ దేశం కొత్త పద్ధతిని ప్రవేశపెట్టింది. దాని ప్రకారం రెండు సంవత్సరాల పని అనుభవాన్ని నాలుగు సంస్థల వరకు వేరువేరు చోట్ల గడించవచ్చు. న్యాయసహాయ కేంద్రంలో చేసిన పనికి కూడా విలువ ఉంటుంది. ద్వారం ఇరుకైనప్పుడు దానిని వెడల్పు చేయడం సాధ్యమేనని ఈ మార్పు సూచిస్తున్నది.

శిక్షణార్థిని ఎంచుకొనే సీనియర్ ఏమి చూస్తాడు? మార్కులు చూస్తాడు, కాని వాటితో ఆగడు. ఇరవై పుటల దస్తావేజును చదివి అందులోని సారాన్ని ఒక పుటలో వ్రాయగలడా అని చూస్తాడు. వాయిదా తేదీలను తప్పులేకుండా నమోదు చేయగలడా, నకళ్ల కోసం కార్యాలయంలో ఓపికగా నిలబడగలడా, కక్షిదారు చెప్పుకొన్న రహస్యాన్ని కడుపులో దాచుకోగలడా అని చూస్తాడు. తెలియని విషయాన్ని తెలియదని ఒప్పుకొని, మరునాటికి తెలుసుకొని రాగలడా అన్నది అన్నిటికన్న ముఖ్యంగా గమనిస్తాడు. వకాలత్‌నామా దాఖలు చేయడం, దావా చిత్తుప్రతి సిద్ధం చేయడం, పూర్వపు తీర్పులను వెతకడం, సీనియర్ మరొక కోర్టులో ఉన్నప్పుడు న్యాయమూర్తిని వినయంగా కొంత గడువు కోరడం తొలినాళ్లలో జూనియర్ చేసే పనులు. ఇవి చిన్న పనులుగా కనిపిస్తాయి. కాని ఒక్క తేదీ తప్పితే ఒక కుటుంబం భూమినే కోల్పోవచ్చు.

"ఇంట గెలిచి రచ్చ గెలువు" అన్నది మన సామెత. కరీంనగర్, ఆదిలాబాద్ విద్యార్థికి ఇంట గెలిచే బలం నిండుగా ఉంది. ఈ ప్రాంతపు భూవివాదాలలో సేత్వారు, 1954-55 నాటి ఖాస్రా పహాణీ వంటి పాత పత్రాలు కీలకమైనవి. వాటి పరిభాష తెలిసిన యువకుడు ఏ కార్యాలయానికైనా ఆస్తి వంటివాడు. న్యాయస్థానపు తెలుగులో వకీలు, దావా, వాయిదా, జప్తు, జామీను, ఫిర్యాదు వంటి అరబ్బీ, పారసీక పదాలు పాతుకొనిపోయాయి. 'ముద్దాయి' అనే పదం మరింత ఆసక్తికరమైనది. ఉర్దూలో 'ముద్దయీ' అంటే దావా వేసిన వాది. తెలుగులో 'ముద్దాయి' అంటే నేరారోపణకు గురైనవాడు. పాత ఉర్దూ తీర్పును చదివే జూనియర్‌కు ఈ అర్థవిపరిణామం తెలియకపోతే వాది ప్రతివాదిగా, ప్రతివాది వాదిగా తారుమారవుతారు. భాషాజ్ఞానం న్యాయవాదికి అలంకారం కాదు, అవసరమని చెప్పడానికి ఈ ఒక్క పదం చాలు.

ఆదిలాబాద్ ఏజెన్సీ ప్రాంతంలో ఈ అవసరం మరింత తీవ్రమైనది. అక్కడ గోండి, కొలామి, మరాఠీ, లంబాడీ భాషలు మాట్లాడే ప్రజలు ఉన్నారు. గిరిజనుల భూమి గిరిజనేతరుల పరం కాకుండా 1959 నాటి భూబదలాయింపు నిబంధనలు, వాటిని కట్టుదిట్టం చేసిన 1970 నాటి సవరణ రక్షణ కల్పిస్తున్నాయి. 'వన్ ఆఫ్ సెవెంటీ'గా ప్రజలు పిలుచుకొనేది ఆ సవరణనే. చట్టం కాగితం మీద ఉంది. కాని ఉట్నూరు పరిసరాలలోని గోండు రైతు తన గోడును తన భాషలో చెప్పుకొంటే అర్థం చేసుకోగల న్యాయవాది ఉన్నప్పుడే ఆ చట్టానికి ప్రాణం వస్తుంది. ఆ భాష తెలిసిన గిరిజన యువతి శిక్షణార్థిగా చేరితే, ఆమెకు స్థానం లభించడం ఆమె ఒక్కరి లాభం కాదు. ఆ ప్రాంతపు ప్రజలందరి లాభం.

స్త్రీలకు ఈ ద్వారం చాలాకాలం మూసియే ఉండేది. 1916లో కలకత్తాలో రెజీనా గుహ, 1921లో పాట్నాలో సుధాంశుబాల హజ్రా అర్హతలు ఉండి కూడా స్త్రీలన్న కారణంతో తిరస్కారానికి గురయ్యారు. 1923లో వచ్చిన చట్టం ఆ అడ్డంకిని తొలగించింది. నేడు చట్టం అడ్డురాదు. అయినా రాత్రి పొద్దుపోయే వరకు సాగే కార్యాలయపు పని, దూరాభారపు ప్రయాణాలు, ఆదాయం లేని తొలి సంవత్సరాలు స్త్రీలకు మరింత భారమవుతున్నాయి.

ఆదాయం లేకపోవడమే ఈ పోటీలోని అసలు చిక్కు. జూనియర్‌కు జీతం ఇవ్వడం సీనియర్ ఔదార్యానికి సంబంధించిన విషయంగా చాలాకాలం భావింపబడింది. తండ్రి పంపే సొమ్ముతో నగరంలో అద్దె చెల్లించగలవాడు మూడు నాలుగు సంవత్సరాలు ఓపిక పట్టగలడు. బీడీలు చుట్టే తల్లి సంపాదనతోనో, బొగ్గుగనిలో పనిచేసే తండ్రి సంపాదనతోనో చదివినవానికి ఆ ఓపిక ఎక్కడిది? ప్రతిభ సమానమైనా నిరీక్షించే శక్తి సమానం కానప్పుడు పోటీ ధర్మబద్ధం కాజాలదు.

ఈ లోపాన్ని సవరించే ప్రయత్నాలు లేకపోలేదు. షెడ్యూల్డు కులాల, వెనుకబడిన తరగతుల న్యాయపట్టభద్రులను జిల్లాలవారీగా ఎంపిక చేసి, ప్రభుత్వ న్యాయవాదుల వద్ద న్యాయపరిపాలనలో శిక్షణ ఇప్పించి, నెలసరి భృతి చెల్లించే పథకాన్ని సంక్షేమశాఖలు నిర్వహిస్తూ వచ్చాయి. 2019లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం జూనియర్ న్యాయవాదులకు నెలకు 5,000 రూపాయల భృతిని ప్రవేశపెట్టింది. 2024 జూలై 30న సుప్రీంకోర్టు, న్యాయవాదిగా నమోదుకు చట్టం నిర్ణయించిన రుసుమును మించి వసూలు చేయరాదని తీర్పు ఇచ్చింది. ఆ రుసుము సాధారణ అభ్యర్థులకు 750 రూపాయలు, షెడ్యూల్డు కులాలు, తెగలవారికి 125 రూపాయలు. అదే సంవత్సరం అక్టోబరులో భారత బార్ కౌన్సిల్, జూనియర్లకు పట్టణాలలో నెలకు 20,000, గ్రామీణ ప్రాంతాలలో 15,000 రూపాయలకు తగ్గకుండా భృతి ఇవ్వవలసిందిగా సీనియర్లకు, సంస్థలకు సూచించింది. అది సూచనయే గాని శాసనం కాదు. అయినా శిష్యుని శ్రమకు వెల ఉందని వృత్తిపెద్దలు అంగీకరించడం మంచి పరిణామమే.

2025 మే 20న సుప్రీంకోర్టు వెలువరించిన మరొక తీర్పు శిష్యరికానికి కొత్త ప్రాధాన్యాన్ని కల్పించింది. జూనియర్ సివిల్ జడ్జి నియామకానికి కనీసం మూడు సంవత్సరాల న్యాయవాద అనుభవం ఉండాలని ఆ తీర్పు నిర్దేశించింది. అంటే న్యాయమూర్తి కాదలచిన విద్యార్థి కూడా ముందుగా ఒక న్యాయవాది ముంగిట నిలబడవలసిందే. శిక్షణ స్థానం దొరకని పేద విద్యార్థికి న్యాయపీఠం కూడా దూరమయ్యే ప్రమాదం ఇందులో ఉంది. కనుక ఈ పోటీ కొందరు యువకుల ఉద్యోగ సమస్యగా మాత్రమే మిగలదు. రేపు న్యాయపీఠం మీద కూర్చుండబోయేవారు ఏయే ఇండ్ల నుండి వస్తారన్నది కూడా ఇక్కడే నిర్ణయమవుతుంది.

అనుకూలమైన పరిస్థితులు కూడా కొన్ని ఉన్నాయి. 2016లో కొత్త జిల్లాలు ఏర్పడ్డాయి. 2022 జూన్ 2న తెలంగాణలో కొత్త జిల్లాలకు సైతం జిల్లా న్యాయస్థానాలు ప్రారంభమయ్యాయి. జగిత్యాల, పెద్దపల్లి, సిరిసిల్ల, మంచిర్యాల, నిర్మల్, ఆసిఫాబాద్ పట్టణాలలో న్యాయవాదుల అవసరం పెరిగింది. 2024 జూలై 1 నుండి భారతీయ న్యాయసంహిత మొదలైన మూడు కొత్త నేరచట్టాలు అమలులోకి వచ్చాయి. ముప్పది సంవత్సరాల అనుభవం గల సీనియర్ సైతం ఆ చట్టాల సెక్షన్లను కొత్తగా నేర్చుకోవలసినవాడే. శ్రద్ధగా చదివిన జూనియర్ తన సీనియర్‌కు తోడ్పడగల అరుదైన సందర్భమిది.

న్యాయవాద వృత్తిలో తొలిమెట్టు ఎక్కదలచిన విద్యార్థి తన భాషను, తన నేలను, తన ప్రజల కష్టాలను బరువుగా భావింపరాదు. అవే అతని పెట్టుబడి. ఇక మెట్టు మీద ముందే నిలిచినవారి కర్తవ్యం మరొకటి ఉంది. తమకు ఒకనాడు ఎవరో చేయి అందించారన్న విషయం వారు మరువరాదు. శిష్యుని ఎంపిక చేసేటప్పుడు ఇంటిపేరు చూడక, వ్రాసిన పుట చూసే సీనియర్ ఒక్కొక్క ఊరిలో ఒక్కొక్కరు ఉన్నా చాలు. న్యాయస్థానపు గడప దాటడానికి జంకే బీదవానికి లోపల తనవారు ఒకరు ఉన్నారన్న ధైర్యం కలుగుతుంది.

కఠిన పదాలు - అర్థాలు

శిష్యరికం = గురువు వద్ద ఉండి నేర్చుకొనడం
కక్షిదారు = వ్యాజ్యంలో ఒక పక్షానికి చెందినవాడు
దస్తావేజు = ఆస్తి మొదలైనవాటికి సంబంధించిన పత్రం
నకలు = మూలపత్రానికి ప్రతి
అర్థవిపరిణామం = పదం అర్థం కాలక్రమంలో మారడం
భృతి = జీవనానికై ఇచ్చే ధనం
ఔదార్యం = దానగుణం, పెద్ద మనసు
గోడు = బాధతో చెప్పుకొనే మొర

ప్రశ్నలు

అ) ఈ క్రింది ప్రశ్నలకు ఇరవై పంక్తులలో సమాధానాలు వ్రాయండి.
1. న్యాయవాద విద్యకు గ్రంథం, గురువు రెండూ ఎందుకు అవసరమో పాఠం ఆధారంగా వివరించండి.
2. శిక్షణ స్థానం కోసం జరిగే పోటీలో పేద విద్యార్థి ఎదుర్కొనే ఇబ్బందులను, వాటి నివారణకు జరిగిన ప్రయత్నాలను సమీక్షించండి.

ఆ) ఈ క్రింది ప్రశ్నలకు ఐదు పంక్తులలో సమాధానాలు వ్రాయండి.
1. కేతన రచనలు మూడింటిని న్యాయవాదికి కావలసిన గుణాలతో ఎలా అన్వయించవచ్చు?
2. 'ముద్దాయి' పదంలోని అర్థవిపరిణామాన్ని తెలపండి.
3. ఆంధ్ర జనసంఘం పుట్టుకకు దారితీసిన సంఘటన ఏది?

ఇ) ఏకవాక్య సమాధానాలు వ్రాయండి.
1. పి.వి. నరసింహారావు ఎవరి వద్ద జూనియర్‌గా చేరారు?
2. కొండా లక్ష్మణ్ బాపూజీ జన్మస్థలం ఏది?
3. న్యాయవాదులలోని తరగతి భేదాలను తొలగించిన చట్టం ఏ సంవత్సరానిది?